రివాల్వరు: ఆత్మరక్షణా, పెత్తనమా?

గోదావరిఖనిలో మర్యాదస్తులనిపించుకునే వారి నోట ఈమధ్య ఒక వాదం తరచుగా వినవస్తున్నది. కాలం చెడ్డదట, పోలీసులు సమయానికి రారట. అందుచేత నాలుగు రాళ్లు సంపాదించుకున్నవాడు లైసెన్సు తీసుకుని నడుముకు చిన్న రివాల్వరు పెట్టుకుంటే తప్పేమిటి, ఎవరి ప్రాణం వారికి తీపి కాదా అని అడుగుతున్నారు. ఓపెన్‌కాస్టులో మట్టి కాంట్రాక్టులు చేసేవారు, ప్లాట్ల వ్యాపారులు, ఫైనాన్సు నడిపేవారు ఈ మాట అంటే ఆశ్చర్యపడవలసింది లేదు. కాని సాహిత్యం చదువుకున్నవారు, నావలె కాలేజీలలో పాఠాలు చెప్పేవారు, అభ్యుదయవాదులమని చెప్పుకునేవారు సైతం దీనికి తల వూపుతున్నారు. కాబట్టి ఈ వాదాన్ని పట్టించుకోక తప్పదు.

నా అభిప్రాయం మొదటనే చెబుతాను. జేబులోని రివాల్వరు ఆత్మరక్షణ సాధనం కాదు, పెత్తనానికి గుర్తు. అది పెట్టుకున్నవాని భయాన్ని తీర్చదు. ఆ భయాన్ని చుట్టూ వున్నవారికి పంచిపెడుతుంది. భయం పంచుకున్న ఊరు సంఘంగా నిలబడలేదు. అభ్యుదయ రచయితకు ఈ విషయంలో తటస్థంగా వుండే అవకాశం లేదు.

ముందు వస్తువు సంగతి చూద్దాం. రివాల్వరు ప్రియులు ముచ్చటగా పలికే మాట 'మాగ్నమ్'. లాటిన్‌లో దానికి 'పెద్దది' అని అర్థం. ఐరోపాలో రెండు మామూలు సీసాల ద్రాక్షసారాయి పట్టే పెద్ద సీసాను ఆ పేరుతో పిలుస్తారు. 1935లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఈ మాటను తుపాకికి తగిలించి .357 మాగ్నమ్ రివాల్వరును బజారుకు తెచ్చింది. గుండు లావు పాతదే. తూటాలో మందు శక్తి పెంచారు గనుక వేగం పెరిగింది, దెబ్బ పెరిగింది. తరువాత ఇదే కిటుకును చిన్న క్యాలిబర్లకు దించారు. 1959లో .22 మాగ్నమ్, 1984లో .32 మాగ్నమ్, 2008లో .327 మాగ్నమ్ వచ్చినవి. .22 అంటే అంగుళాన్ని నూరు భాగాలు చేస్తే అందులో 22 భాగాలు. పెన్సిలు మందం కూడా లేని గుండు అది. చొక్కా కింద దాగాలి, చేతికి బరువు కాకూడదు, ఐనా ఎదుటివానికి చావుదెబ్బ తగలాలి. పదిమందిలో పెద్దమనిషిగా తిరుగుతూ ఆ పదిమంది ప్రాణాలు తన వేలి కింద వుంచుకోవాలనే కోరిక ఈ వస్తువు తయారీలోనే ఇమిడి వున్నది.

మన దేశంలో 9 మిల్లీమీటర్లు, .38 వంటి సైన్యం, పోలీసులు వాడే క్యాలిబర్లు సామాన్యంగా పౌరులకు నిషిద్ధం. అందువల్ల మన లైసెన్సుదారుల నడుముకు ఎక్కువగా వుండేది కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యే .32 రివాల్వరు. అది మాగ్నమ్ కాదు. కాని మోజు ఆ జాతిదే.

'ఇది మా హక్కు' అంటున్నారు గనుక చట్టం మాట చూద్దాం. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో బ్రిటిషు ఇండియాలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు లైసెన్సు లేనిదే ఆయుధం పట్టరాదు, యూరపియనులకు మినహాయింపు. ఆ చట్టం జాతి అవమానమని మన పెద్దలు నిరసించారు. నిరసించడం న్యాయమే. కాని ఆ నిరసనను ఇవాళ తమ నడుము రివాల్వరుకు సమర్థనగా తెచ్చేవారు చరిత్రను తలక్రిందులు చేస్తున్నారు. అప్పటి వాదం పాలకుడికి ఒక న్యాయం, పాలితుడికి ఒక న్యాయం వుండరాదని. ఇప్పటివారి వాదం డబ్బున్నవాడికి ఒక న్యాయం, కూలివాడికి ఒక న్యాయం వుండాలని. రెండింటికీ పొత్తెక్కడిది?

స్వతంత్ర భారతం 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసుకున్నది. ఆ చట్టంలో రివాల్వరు హక్కు కాదు. లైసెన్సు ఇచ్చే అధికారికి 'తగిన కారణం' వున్నదని నమ్మకం కలిగితే ఇచ్చే అనుమతి మాత్రమే. 2016 నిబంధనలు రివాల్వరును బహిరంగ స్థలాలలో తొడుగులో తప్ప పట్టుకుపోరాదని, ఝళిపించరాదని చెబుతున్నవి. 2019 సవరణ ఒక మనిషి వుంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. పెళ్లిళ్లలో, ఊరేగింపులలో సంబరంగా గాలిలోకి కాల్చి పరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండూనో వేయవచ్చునన్నది. కాల్చేవాళ్లు లేకపోతే ఈ నిబంధన రాయవలసిన అవసరమేమి వచ్చింది? ఆత్మరక్షణకని తీసుకున్న తుపాకి పెళ్లిపందిట్లో ఎవరి నుంచి ఎవరిని రక్షిస్తున్నది?

మరొక ఆచారం వున్నది. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లలో డిపాజిట్ చేయించుకుంటారు. ఇది అందరికీ తెలిసినదే, ఐనా దీని అర్థం ఆలోచించినవారు తక్కువ. ప్రజలు నిర్భయంగా తమ అభిప్రాయం చెప్పవలసిన రోజున తుపాకి ఊళ్లో వుండరాదని ప్రభుత్వమే ఒప్పుకుంటున్నది. ఐతే ప్రజలు నిర్భయంగా మాట్లాడవలసింది అయిదేళ్లకు ఒక్క నెలేనా? భూమి తగాదాలో సాక్ష్యం చెప్పేనాడు, కాంట్రాక్టు కూలీ కనీస వేతనం అడిగేనాడు, వడ్డీ లెక్క తప్పని ఒక ఆడమనిషి ఫైనాన్సు వానితో వాదించేనాడు ఆ నిర్భయత అక్కరలేదా? ఎన్నికలప్పుడు ప్రమాదమైన తుపాకి మిగతా రోజులలో మర్యాద వస్తువు ఎట్లా ఐనది?

ఈ ప్రశ్నకు గోదావరిఖనిలో జవాబు కోసం పుస్తకాలు తిరగవేయనక్కరలేదు. గని దగ్గరికి పోతే చాలు. భూగర్భ గనిలోకి దిగే కార్మికుని జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె వుంటే పైనే వదిలి దిగాలి. 'నేను జాగ్రత్తపరుణ్ణి, ముప్ఫయి ఏళ్ల సర్వీసు వున్నది, పుల్ల గీయను' అని ఎంతటివాడు ఒట్టు పెట్టుకున్నా ఒప్పుకోరు. ఎందుకంటే గనిలో గ్యాసు వుంటుంది, ఒక్కని పుల్ల అందరి చావు. అక్కడ చూసేది మనిషి మంచితనం కాదు, వస్తువు స్వభావం.

ఇక పేలుడు మందు సంగతి. బొగ్గు పేల్చే షాట్‌ఫైరరుకు యోగ్యతా పత్రం వుండాలి. మందును తాళం వేసిన డబ్బాలో, డబ్బాకు అయిదు కిలోలు మించకుండా తీసుకుపోవాలి. డిటొనేటర్లు వేరుగా, మరో తాళం కింద వుండాలి. పేల్చబోయే ముందు హెచ్చరించి అందరినీ చాటుకు పంపాలి. మిగిలిన మందును షిఫ్టు చివర మ్యాగజైనుకు లెక్క ప్రకారం అప్పగించాలి. బతుకుతెరువు కోసం, దేశానికి కరెంటు కోసం మందు పేల్చే కార్మికునికి ఇన్ని కట్టుబాట్లు వున్నవి. వాటిని అతడు అవమానమనుకోడు. అవి తోటివారి ప్రాణాలని అతనికి తెలుసు. ఆ కార్మికుని క్వార్టరు పక్కన మేడ కట్టుకున్న పెద్దమనిషి ఆరు తూటాలు నడుముకు పెట్టుకుని హోటలుకు, పెళ్లికి, పంచాయితీకి తిరుగుతానంటాడు. అతని షిఫ్టు ఎప్పుడు ముగుస్తుంది? మిగిలిన తూటాలు ఏ సాయంత్రం ఎవరికి అప్పగిస్తాడు? కాల్చే ముందు ఎవరిని చాటుకు పొమ్మంటాడు? గోడకు గోడ ఆనుకుని ఇళ్లుండే ఊళ్లో, ఇసుక పోస్తే రాలని బజారులో, గురి తప్పిన గుండుకు పేరూ వూరూ తెలియదు.

'ఇదంతా వాదం, వాస్తవంలో లైసెన్సుదారులు బాధ్యత గలవారే' అని మిత్రులు అంటారు. ఐతే వాస్తవమే చూద్దాం. 2020 డిసెంబరు 18న ఆదిలాబాదు తాటిగూడలో, పిల్లలు క్రికెట్ ఆడే చోట మొదలైన తగాదా పెద్దల దాకా పోయింది. మునిసిపల్ వైస్ చైర్మన్‌గా పనిచేసిన ఒక నాయకుడు తన లైసెన్సు రివాల్వరు తీసి కాల్చాడు. ముగ్గురు గాయపడ్డారు, వారిలో ఒకరు కొద్ది రోజులకు ఆసుపత్రిలో చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. ఇతడు దొంగ కాదు, దోపిడికాడు కాదు. ప్రజలెన్నుకున్న మనిషి, లైసెన్సుకు తగినవాడని అధికారులు ఒప్పుకున్న మనిషి. చేతిలో రివాల్వరు లేకపోతే ఆ తగాదా తిట్లతో, మహా ఐతే కర్రలతో ముగిసేది. ఊరి పెద్దలు మర్నాడు రాజీ చేసేవారు. కోపం అందరికీ వస్తుంది, చల్లారుతుంది. రివాల్వరు చేతికందితే ఆ చల్లారే వ్యవధి వుండదు. ఇదొక్కటి చాలదా దాన్ని జేబులో వుంచరాదనడానికి?

మన గోదావరిఖనిలోనే 2022 ఆగస్టులో ఒక సింగరేణి కార్మికుణ్ణి ఇంట్లో నిద్రిస్తుండగా తుపాకితో కాల్చి చంపారు. ఇట్లాంటి వార్త రాగానే 'చూశారా, మాకూ తుపాకి కావాలి' అంటారు. నిద్రపోయే మనిషి దిండు కింద ఎన్ని రివాల్వర్లుంటే మాత్రం ఏం లాభం? తుపాకి దొరకడం సులువైన చోట చంపడం సులువు. దీనికి మందు దొరకడాన్ని కష్టం చేయడమే గాని మరింత సులువు చేయడం కాదు.

2021 ఫిబ్రవరి 17న రామగిరి మండలం కల్వచర్ల దగ్గర నడిరోడ్డు మీద, పట్టపగలు, న్యాయవాద దంపతులను కత్తులతో నరికి చంపారు. 'వారి దగ్గర రివాల్వరు వుంటే' అని అప్పుడు చాలామంది అన్నారు. నేనూ ఆ దుఃఖం పంచుకున్నవాణ్ణే. కాని ఆ మాటలో పెద్ద మోసం వున్నది. కాపు కాసి, కారును అడ్డగించి మీద పడిన హంతకుల ముందు కారులో కూర్చున్నవాని రివాల్వరు తొడుగులోనే వుండిపోతుంది. ఆనాడు ఆ రోడ్డు మీద మనుషులున్నారు, బస్సులు ఆగి వున్నవి, సెల్‌ఫోన్లు వీడియోలు తీసినవి. చెయ్యి అడ్డం పెట్టే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. ఆ ధైర్యాన్ని చంపినది ఏమిటి? ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి వేళ్లూనిన భయం. కత్తి పట్టినవానికి వెనుక ఎవరో వున్నారన్న భయం. ఆ భయాన్ని రివాల్వరు లైసెన్సులు పోగొడతాయా, ఇంకో నాలుగు పెత్తనాలను చేర్చి పెంచుతాయా? న్యాయవాదికి కావలసింది ఫిర్యాదు చేసిన రోజున కదిలే పోలీసు, సాక్షిని కాపాడే కోర్టు, రోడ్డు మీద 'ఆగు' అనగల జనం. ఈ మూడింటినీ అడగడం మాని రివాల్వరు అడిగేవాడు, ప్రభుత్వాన్ని దాని బాధ్యత నుంచి చల్లగా విడుదల చేస్తున్నాడు.

స్త్రీల రక్షణ పేరుతో జరిగిన తంతు ఇటువంటిదే. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘోరం తరువాత దేశం కదిలింది. 2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం ఆడవారి కోసమని 'నిర్భీక్' అనే .32 రివాల్వరును విడుదల చేసింది. బరువు అర కిలో, వెల సుమారు 1,22,000 రూపాయలు. రాత్రి డ్యూటీ చేసి వచ్చే ఆసుపత్రి ఆయా, తెల్లవారుజామున రోడ్లు వూడ్చే మునిసిపల్ కార్మికురాలు, బట్టల దుకాణంలో నిలబడి పనిచేసే మా విద్యార్థిని అక్క, వీరిలో ఎవరు ఎన్ని సంవత్సరాల జీతం దాచి ఈ నిర్భయత్వాన్ని కొనుక్కోవాలి? వీధి దీపం, రాత్రి బస్సు, ఫిర్యాదు రాసుకునే స్టేషను, తీర్పు చెప్పే కోర్టు ఇవ్వలేని రాజ్యం వెల కట్టి రివాల్వరు అమ్ముతున్నది. పైగా స్త్రీ మీద దెబ్బ పడే చోటు చాలా సందర్భాలలో ఆమె ఇల్లే. ఆ ఇంట్లో రివాల్వరు చేరితే అది ఎవరి చేతికి ముందు అందుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు.

తుపాకి హక్కును రాజ్యాంగంలో రాసుకున్న అమెరికాను చూపేవారున్నారు. చూద్దాం. అక్కడ 2021లో తుపాకి వల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో 26,328 మందివి ఆత్మహత్యలు. అనగా ఆత్మరక్షణకని ఇంట్లో తుపాకులు పెట్టుకున్న దేశంలో ప్రతి వంద తుపాకి చావులలో యాభై నాలుగు తన చేతితో తాను చచ్చినవి. ఒక చీకటి రాత్రి మనిషికి బతుకు మీద విసుగు పుట్టినప్పుడు పొరుగువారు తలుపు తట్టేంత వ్యవధి కూడా తుపాకి ఇవ్వదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో పని ముగించుకుని మిత్రునితో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరును, నా దేశం విడిచి పొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. మన గని కార్మికుల పిల్లలు ఇవాళ ఆ దేశాలలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ తుపాకి అంటే వణికే తల్లిదండ్రులే ఇక్కడ తుపాకి పౌరుషమనడం ఎంత విడ్డూరం!

ఇక అసలైన ఆక్షేపణకు వస్తాను. 'తెలంగాణ రైతాంగ పోరాటాన్ని పొగిడే మీరు తుపాకిని ఎట్లా తప్పుపడతారు?' అని కొందరు నవ్వుతూ అడుగుతున్నారు. ఈ ప్రశ్న వేసేవారు ఆ పోరాటం ఎట్లా మొదలైనదో మరచిపోయారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్న తుపాకి ఎవరిది? విసునూరు దేశముఖు మనుషులది. ఆత్మరక్షణ పేరు చెప్పి గడీలో తుపాకులు దాచుకున్నవాడు దొర. ఊరేగింపుగా వచ్చిన సంఘం జనం చేతులలో వున్నవి కర్రలు, వడిసెలలు. ప్రజలు తరువాత తుపాకి పట్టారు, నిజమే. అది దళానిది, సంఘానిది. దానికి లెక్క వున్నది, జవాబుదారీ వున్నది, 1951 అక్టోబరులో పోరాటం విరమించినప్పుడు దించాలన్న నిర్ణయమూ వున్నది. ఆ పద్ధతి మంచిచెడ్డల మీద వేరే వాదం చేసుకోవచ్చు. కాని ఇవాళ్టి ప్లాట్ల వ్యాపారి నడుము రివాల్వరుకు తాత కావలసింది దళం తుపాకి కాదు, గడీ తుపాకి. వారసత్వం తెలుసుకుని మాట్లాడాలి.

బొగ్గుగని కార్మికుడు తన బతుకును ఏనాడు కాపాడుకున్నా పదిమందితో కలిసే కాపాడుకున్నాడు. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నప్పుడు, 1981లో 56 రోజులు గనులు ఆపి నిలబడ్డాడు. 2011 సకల జనుల సమ్మెలో అయిదు వారాలు బొగ్గు పైకి రానీయలేదు. ఆనాడు అతని చేతిలో వున్నది పక్కవాని చెయ్యి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది పోయారు. ఈ ఊరిని నిజంగా చంపేవి నీరు, పైకప్పు, గ్యాసు, దుమ్ము, అప్పు. ఈ శత్రువులలో ఒక్కదానినైనా కాల్చగల రివాల్వరు ఏ కంపెనీ చేసింది?

చివరగా రచయితల సంగతి. రివాల్వరు మోజును కాంట్రాక్టరు ఒక్కడే పెంచలేదు. మన సినిమా పెంచింది, మన చవకబారు నవల పెంచింది. కథానాయకుడు తుపాకి తీయగానే ఈల వేయించి, ఆ గుండు తగిలినవాని ఇంటి వైపు ఒక్కసారి కూడా చూడని కథలు ఎన్ని రాలేదు! నా క్లాసులో పిల్లలకు తుపాకుల పేర్లు డజను తెలుసు. తాత పనిచేసిన గని పేరు తెలియదు. ఇందులో పిల్లల తప్పు లేదు, వారికి మనం ఇచ్చిన కథలు అటువంటివి.

పాత కథ మనకు ఇంతకంటె తెలివైనది. విరాటపర్వంలో పాండవులు జనం మధ్య బతకబోయే ముందు ఆయుధాలను జమ్మిచెట్టు మీద పెట్టారు. వంటవాడు, ఆట నేర్పేవాడు, గుర్రాలను, ఆవులను చూసేవాడు ఐనప్పుడు విల్లు భుజాన వుండటానికి వీల్లేదు. 'తరువాత దించారు కదా' అంటారేమో. దించారు. ఎదురుగా సైన్యం వచ్చి నిలబడినప్పుడు బయట మైదానంలో దించారు, విరాటుని వంటింట్లో కాదు. మనం దసరానాడు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెడతాం. ఆకునే చేతిలో పెట్టుకుంటున్నాం గాని చెట్టు మీది ఆయుధాన్ని కాదు.

కాబట్టి నేను అడిగేది ఇది. ప్రతి కమిషనరేటులో, ప్రతి జిల్లాలో ఎన్ని రివాల్వరు లైసెన్సులున్నవో, ఏ కారణం మీద ఇచ్చారో ఏటేటా ప్రకటించాలి. ఆస్తి, పదవి, పలుకుబడి 'తగిన కారణం' కారాదు. బ్యాంకు గార్డు తుపాకి, అడవిపందుల నుంచి చేను కాచుకునే రైతు తుపాకి వేరు. అవి పని ముట్లు, వాటి మీద నాకు పేచీ లేదు. పంచాయితీలో బల్ల మీద పెట్టి మాట్లాడటానికి తెచ్చే తుపాకి మీదనే నా పేచీ. కార్మిక సంఘాలు గేటు మీటింగులలో ఈ మాట ఎత్తాలి. రచయితలు రివాల్వరుకు మెరుగు పెట్టడం మాని అది పేలిన ఇంటి కథ రాయాలి.

తోటివారి ప్రాణం కోసం అగ్గిపెట్టెను పైన వదిలి గనిలోకి దిగే మనిషి, తన ఊరి పెద్దమనుషులను కూడా అంతే చేయమంటున్నాడు. అతని మాట న్యాయమైనది.